భుజంలోని పడుగు

నల్లగొండ పల్లెల్లో స్కానింగ్ అంటే కడుపుతో ఉన్నవాళ్లకు చేసేదే. నలభై ఏళ్లు మోకు, ముత్తాదులతో తాటిచెట్లెక్కిన గీత కార్మికుణ్ణి భుజానికి స్కానింగ్ తీయించుకొమ్మంటే ముందు నవ్వుతాడు. ఆ తర్వాత అసలు సంగతి అడుగుతాడు: "ఎక్స్‌రేల ఏం లేదన్నరు గద సారూ, మరి చెయ్యెందుకు లేస్తలేదు?"

ఎక్స్‌రే ముఖ్యంగా ఎముకను చూపుతుంది. చేతిని లేపేది కండరం, దాన్ని ఎముకకు కట్టి ఉంచేది టెండాన్. ఊళ్లో దాన్నీ నరమే అంటారు. చెయ్యి పక్కకు ఎత్తిన ప్రతిసారీ భుజం పైనున్న టెండాన్ రెండు ఎముకల ఇరుకు సందులో జారాలి. లొట్టి అందుకునే చెయ్యికైనా, మట్టితట్ట నెత్తికెత్తుకునే పాలమూరు లేబర్ చెయ్యికైనా అరిగేది అక్కడే.

ఎక్స్‌రేకు దొరకని ఆ టెండాన్ అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో కనిపిస్తుంది. కడుపులో బిడ్డను చూసే ప్రోబు (ఒంటికి ఆనించే పరికరం) సాధారణంగా 2 నుంచి 5 మెగాహెర్ట్జ్‌ల ధ్వనిని పంపుతుంది. భుజానికి 7 నుంచి 15, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కావాలి. అప్పుడు లోతుకు పోదు గానీ మిల్లీమీటరు లోపు వివరం దొరుకుతుంది. చల్లటి జెల్ రాసేది ప్రోబుకూ చర్మానికీ మధ్య గాలి లేకుండా; గాలి అడ్డుపడితే ధ్వని లోపలికి పోదు.

తెర మీద మంచి టెండాన్ పోచంపల్లి మగ్గంపై పడుగులా ఉంటుంది, వరసగా తెల్లని సన్న పోగులు. తెగినచోట నల్లటి ఖాళీ. అయితే ఇక్కడొక మోసం ఉంది. పట్టుచీరను కాస్త వంచితే మెరుపు మారినట్టే, ప్రోబు కొద్దిగా వాలితే బాగున్న టెండాన్ కూడా నల్లబడుతుంది. చెయ్యి తిరగని డాక్టరు అది చూసి తెగిందనుకోవచ్చు. పైగా నొప్పే లేని పెద్దవాళ్లలోనూ చిరుగులు కనిపిస్తాయి. అందుకే తెరను మాత్రమే కాదు, మనిషినీ చూడాలి. "చెయ్యి మెల్లగా లేపు" అని, లేపుతుండగానే ఏది ఎక్కడ ఇరుక్కుంటోందో చూడగలగడం ఈ పరీక్షకున్న పెద్ద బలం.

ఒకేలా కనబడే రెండు జబ్బులను విడదీయడం దీనికి మొదటి నుంచీ వచ్చిన విద్య. మోకాలి వెనక నీటితిత్తి వల్లా, కాలి సిరలో రక్తం గడ్డకట్టడం వల్లా పిక్క ఒకేలా వాస్తుంది. 1972లో మెక్‌డొనాల్డ్, లియోపోల్డ్ ఈ రెంటినీ అల్ట్రాసౌండ్‌తో వేరు చేసి చూపారు.

నల్లగొండకు ఆ విద్య మరీ అవసరం. ఇక్కడ ఏ కీలు నొచ్చినా ముందు అనుమానం నీళ్లలోని ఫ్లోరైడ్ మీదికే పోతుంది. ఊరికే కాదు: మోకాళ్లు లోపలికి వంగిపోయిన ఈ జిల్లా పిల్లల గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లోనే లాన్సెట్‌లో రాశారు. కానీ ఆ జబ్బు ఎముకది. ఎముక దగ్గర ధ్వని గోడకు కొట్టిన బంతిలా వెనక్కొస్తుంది, దాని వెనకంతా నల్లటి నీడే. ఫ్లోరైడ్ వల్ల ముంజేతి రెండెముకల మధ్య పొర గట్టిపడిందా అని చూడాలంటే ఎక్స్‌రేనే దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాడి టెండాన్ కూడా తెగుతుంది. దాన్నీ ఫ్లోరైడ్ ఖాతాలోనే రాసేస్తే వైద్యం అందదు.

కడుపులో బిడ్డను చూసేదీ ఇదే కనుక, 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం వల్ల ఈ యంత్రాన్ని ఇష్టమొచ్చిన ఊరికి మోసుకెళ్లలేరు. ఆ కట్టడి కావలసిందే, భుజం నొప్పివాడికి బస్సు ఖర్చు తప్పకపోయినా. వెళ్లినప్పుడు నొప్పి ఉన్నచోటును ఒక్క వేలితో చూపించండి, రెండో భుజాన్ని కూడా చూడమనండి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.