కాఫీ పొడుము కొనేముందు

ప్రొద్దున్నే గుక్కెడు కాఫీ పడితేగాని మన ఇళ్ళలో ఏ పనీ ముందుకు సాగదు. మూడు తరాలుగా బెంగుళూరులో ఉంటున్న మా ఇంట్లో ఈ అలవాటు మరీ గట్టిది. అటువంటి ఇంట కాఫీ పొడుము ధర పెరిగితే గుమాస్తా జీతము మీద ఎంత బరువు పడుతుందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

2024లో బ్రెజిల్, వియత్నాం దేశాలలో వానలు లేక పంట దెబ్బతిన్నది. 2025 మొదట్లో కాఫీ గింజల ధర ఎన్నడూ లేనంతగా పెరిగింది. ఆ రోజుల్లోనే మేము చాలాకాలముగా వాడుతున్న పొడుము మాని, అంగట్లో అన్నిటికంటె చవకైన పొట్లము తెచ్చుకున్నాము. నెలకు కొంత మిగిలిందని సంతోషించాము కూడా.

కొన్నాళ్ళకు మా అమ్మగారు గ్లాసులో సగము కాఫీ వదిలివేయడము మొదలుపెట్టారు. ఆమెకు 78 ఏళ్ళు. వయసు వల్ల నోటికి రుచి తప్పిందేమోనని డాక్టరుగారికి చూపించాము. ఆయన ఏ లోపమూ లేదన్నారు. చివరకు మా ఇంటావిడ బుజ్జగించి అడిగితే, “కాఫీలో కాఫీ లేదే తల్లీ! ఇంటి ఖర్చులు తెలిసినదాన్ని గనుక నోరు మెదపలేదు” అన్నారు. మాకు తల కొట్టివేసినట్లయింది.

ఆనాడు పొట్లము వెనక్కి తిప్పి సన్నని అక్షరాలు చదివాము. నూటికి 53 పాళ్ళు కాఫీ, 47 పాళ్ళు చికోరీ! ఇందులో మోసమేమీ లేదు. చికోరీ కలిపిన పొడుములో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గకూడదనీ, ఏది ఎంత ఉన్నదో పొట్లము మీద వేయాలనీ నిబంధన ఉన్నది. వారు వేశారు, చదవనిది మేమే.

చికోరీ ఒక మొక్క వేరు. మన దేశంలో గుజరాతు వైపు బాగా పండుతుంది. ఆ వేరును ఎండబెట్టి, వేయించి, పొడి చేసి కలుపుతారు. కాఫీకన్న చవక. డికాషనుకు నల్లని రంగు, చిక్కదనము ఇస్తుంది. కాని దానిలో కాఫీ వాసన లేదు, కెఫీను లేదు. కనుక రంగు చూచి కాఫీ చిక్కగా ఉన్నదనుకుంటే పొరపాటే.

ఒక ఆదివారము పక్కింటివారి ఫిల్టర్లు అరువు తెచ్చి పరీక్ష పెట్టాము. పొడుము, నీళ్ళు, పాలు, చక్కెర అన్నీ ఒకే కొలత. ఏ గ్లాసులో ఏది ఉన్నదో మా అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు. ఒకటి మా చవక పొట్లము. రెండవది 85 పాళ్ళు కాఫీ ఉన్న కోతాస్ పొట్లము. మూడవది మల్లేశ్వరములో అప్పటికప్పుడు మరపట్టించిన పొడుము, 80 పాళ్ళు కాఫీ. మొదటిదానికి రంగే మిగిలింది. రెండవది ఘాటుగా, నాలుకకు పట్టేటట్లు ఉన్నది. మూడవదాని వాసన వీధి గుమ్మందాకా వచ్చింది. అమ్మగారు ఏమీ అనలేదు. మూడవ గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టారు.

ఇక ధర మాట. లెక్క కోసము, 53 పాళ్ళ పొడుము కిలో 500 రూపాయలు, 85 పాళ్ళది 700 అనుకుందాము. చికోరీని పక్కన పెట్టి చూస్తే, కిలో కాఫీకి మొదటిదానిలో 943 రూపాయలు, రెండవదానిలో 824 రూపాయలు పడుతుంది. పైగా పలుచని పొడుము మరో చెంచా ఎక్కువ అడుగుతుంది. చవక అనుకున్నది ఇలా ప్రియమవుతుంది.

తక్షణము కలిపే పొడుములలోనూ ఈ తేడా ఉన్నది. నెస్కెఫే క్లాసిక్‌లో ఉన్నది కాఫీ మాత్రమే. బ్రూ ఇన్‌స్టంట్‌లో చికోరీ కలిసి ఉంటుంది. ఆఫీసుకు ఆలస్యమైననాడు ఇవి ఆదుకుంటాయి గాని డికాషను రుచి వేరు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు అరబికా కాఫీని చికోరీ లేకుండా తాగి చూచాము. రంగు తక్కువ, పరిమళము ఎక్కువ. ధర చూచి దానిని పండుగలకు ఉంచుకున్నాము.

ఇప్పుడు మేము పావు కిలో చొప్పున మరపట్టించి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకుంటున్నాము. పొడుము పాతబడితే వాసన పోతుంది. ఖర్చు సరిపెట్టడానికి మేమిద్దరమూ సాయంత్రపు కాఫీ మానుకున్నాము. అంగడివాడు “చికోరి ఎష్టు హాకలి?” అని అడిగితే, ఇదివరకు “మామూలుగానే” అనేవాళ్ళము. ఇప్పుడు “నూటికి ఇరవై” అని లెక్క చెపుతున్నాము.

పాఠకులు కూడా తమ ఇంటి పొట్లము ఒకసారి తిప్పి చూడవలెనని మనవి. అంతకంటె ముందు, ఇంట్లో పెద్దవారి గ్లాసులో ఎంత మిగిలిందో చూడండి.