పసిబిడ్డకు పొత్తిగుడ్డలు: పాత చీర చాలును, ఉతుకే ముఖ్యము

ఇంటిలో బిడ్డ పుట్టబోవుచున్నదనగా నేటి మధ్యతరగతి కుటుంబములలో మొదట వేయు లెక్కలలో డైపర్ల లెక్క ఒకటి. పుట్టిన బిడ్డకు తొలి నెలలలో దినమునకు 8 నుండి 12 సార్లు గుడ్డ మార్చవలసి వచ్చును. వాడి పారవేయు డైపరు ఒక్కటి 10 రూపాయలనుకొన్నను, దినమునకు ఎనిమిదింటికి 80 రూపాయలు, నెలకు 2,400 రూపాయలు. బిడ్డ పెరిగిన కొలది సంఖ్య తగ్గును గాని కొలత పెరుగును, దానితో వెలయు పెరుగును. బాలింతకు పాలు, నెయ్యి, పండ్లు కొనవలసిన దినములలో ఇది చిన్న మొత్తము కాదు. ఇక ఖర్చునకు వెరచి ఒకే డైపరును ఆరేడు గంటలు విప్పకుండ ఉంచువారు కలరు. వైద్యునికి ఎక్కువ పని కల్పించునది ఈ రెండవ పొదుపే.

గుడ్డ కట్టుట మనకు కొత్త విద్య కాదు. పొత్తిగుడ్డ, గోచీగుడ్డ అను మాటలు మన ఇండ్లలో ఇంకను బ్రతికియే ఉన్నవి. ఇప్పుడు బజారులో గుండీలతోను, లోపల మెత్తలతోను కుట్టిన గుడ్డ డైపర్లు కూడ దొరకుచున్నవి. అవి చెడ్డవని అనను. కాని ఒక్కొక్కటి వందల రూపాయలు పెట్టి ఇరువది కొన్నచో పొదుపు మాట మరచిపోవలెను. మొదలు పెట్టువారికి అంత అవసరము లేదు.

చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయములో శిశువు పక్కబట్టలను, కప్పు బట్టలను గూర్చి ఒక మాట కలదు. అవి మెత్తగా, తేలికగా, శుచిగా ఉండవలెననియు, చెమటయు మలమూత్రములును అంటిన వానిని విడువవలెననియు చెప్పి ఆచార్యుడు అంతటితో ఆగలేదు. వేరు బట్టలు దొరకనిచో వానినే బాగుగా ఉతికి, ధూపము వేసి, శుభ్రముగా ఆరిన పిదప మరల వాడవచ్చునని అనుమతించెను. కలిగినవాని ఇంటితోపాటు లేనివాని ఇల్లును ఆయన దృష్టిలో ఉన్నది. అయితే అనుమతి షరతులతో కూడినది. గుడ్డ పాతదైనను సరే, ఉతుకు, ఆరుదల మాత్రము లోపింపరాదు.

ఏ గుడ్డ తీసుకొనవలెను?

ఏండ్ల తరబడి ఉతికి మెత్తబడిన నూలు చీర, పంచె, దుప్పటి - వీనిని మించినవి లేవు. కొత్త గుడ్డలో గంజి ఉండును. మూడు నాలుగు మార్లు ఉతికిన గాని తడిని పీల్చదు. నూలా, కలనేతా అని సందేహము కలిగినచో ఒక పోగు లాగి నిప్పుకు చూపవలెను. నూలుపోగు కాగితము వలె కాలి బూడిద యగును. పాలియెస్టరు కరగి ఉండ కట్టును. అట్టిది బిడ్డకు పనికిరాదు. 5.5 మీటర్ల చీరలో జరీ, అంచులు, చినుగులు తీసివేసినను 50 సెంటీమీటర్ల చదరపు ముక్కలు ఇరువది వరకు వచ్చును. ఒంటి పొర చాలదు. రెండేసి ముక్కలు కలిపి చుట్టును సన్నగా కుట్టిన పది గుడ్డలగును. మూడు పాత చీరలకు ముప్పది గుడ్డలు. దినమునకు పది, ఉతికినవి పది, ఆరుచున్నవి పది అను లెక్కన వానకాలములోను ఇవి సరిపోవును. వేసవిలో ఇరువది చాలును. పాత తువ్వాలును జానెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి గుడ్డ నడుమ వేసిన రాత్రులందు తడి బయటికి త్వరగా రాదు. ఇంతవరకు ఖర్చు దారపుండ, దర్జీ కూలి మాత్రమే.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. పెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన చీరలను తీసి నేరుగ బిడ్డకు వాడరాదు. ఆ ఉండలలోని నాఫ్తలీను ఆవిరి గుడ్డను పట్టి ఉండును. కొందరు శిశువులకు పుట్టుకతోనే రక్తములో ఒక ఎంజైము కొరత ఉండును. దానిని జి-6-పి-డి లోపమందురు. అట్టి బిడ్డలలో ఈ ఆవిరి రక్తకణములను విరుగగొట్టి తీవ్రమైన కామెరలు కలిగించును. ఏ బిడ్డకు ఆ లోపమున్నదో చూచి చెప్పలేము. కనుక అట్టి చీరలను విడచి, నిత్యము కట్టి ఉతికిన వానినే తీసుకొనుట క్షేమము. బిడ్డ బట్టల అరలో కలరా ఉండలు ఎన్నడును వేయరాదు.

కట్టుట సులభము. చదరమును మూలకు మడచి ముక్కోణముగా చేసి, నడుము క్రింద పరచి, నడిమి కొనను కాళ్ల మధ్యనుండి పైకి తెచ్చి ప్రక్క కొనలతో ముడివేయవలెను. పిన్నీసుకన్న మెత్తని నాడా మేలు. బొడ్డు రాలువరకు ముడి బొడ్డునకు క్రిందుగా ఉండవలెను. కాళ్లను చాచి బిగించి చుట్టుట కొన్ని ఇండ్లలో అలవాటు. దానివలన తుంటికీలు సరిగా కుదురుకొనకపోవచ్చును. బిడ్డ కాళ్లు కప్ప కాళ్ల వలె మడచుకొని ఎడముగా ఉండుటే ప్రకృతి. పక్కమీద రబ్బరు షీటు వేసి దానిపై నూలు దుప్పటి పరచిన చాలును. ప్లాస్టిక్ నిక్కరు ప్రయాణములో గంటసేపునకే గాని ఇంటిలో వలదు.

ఉతుకు

మూత్రపు గుడ్డను మొదట చన్నీళ్లలో జాడించవలెను. మలము అంటినచో దానిని మరుగుదొడ్డిలో దులిపి, చన్నీటితోనే కడిగి, పిదప సబ్బు పెట్టవలెను. మొదటనే వేడినీరు పోసిన మరక పట్టును. ఉతుకవలసిన గుడ్డలను నీళ్ల బకెట్టులో నానవేసి ఉంచకుండ మూతగల పొడి బకెట్టులో వేయుట మంచిది. ప్రాకు బిడ్డలున్న ఇంటిలో బకెట్టెడు నీరే ప్రాణాపాయము. పైగా నిలువ నీటిలో దోమలు చేరును.

సబ్బు విషయములో మన పట్టణములలోని బోరునీటిని తలచుకొనవలెను. ఉప్పునీటిలో సబ్బు విరిగి తెల్లని తెట్టుగా గుడ్డలో దిగును. క్రమముగా గుడ్డ అట్ట వలె బిరుసెక్కి తడి పీల్చుట మానును. కుంకుడుకాయకు ఈ దోషము లేదు. ఆరేడు కాయల పిక్కలు తీసి రాత్రి నానవేసి, ఉదయము పిసికి వడగట్టిన రసము ఒక బకెట్టు గుడ్డలకు సరిపోవును. సబ్బు పొడి వాడువారు మామూలుకన్న సగమే వేసి, నురుగు పూర్తిగా పోవువరకు మూడు నీళ్లలో జాడించవలెను. సువాసన ద్రావకములు, గుడ్డ మెత్తబరచు మందులు వలదు. చివరి నీటిలో క్రిమినాశక ద్రవము కలిపి అట్లే ఆరవేయుట శుభ్రతయని కొందరి భ్రమ. గుడ్డలో మిగిలిన ఆ మందు లేత చర్మమును మండించును. క్రిములకు వేడినీరు, ఎండ చాలును. వారమునకు ఒకటి రెండు మార్లు పది నిముషములు మరగించవలెను. విరేచనములు గాని, పుండు గాని ఉన్నపుడు ప్రతిదినము మరగించవలెను.

ఆరవేయుట ఎండలోనే. ముసురు పట్టినపుడు ఇంటిలో గాలికి ఆరవేసి, మిగిలిన చెమ్మ పోవునట్లు మడతమడతకు ఇస్త్రీ చేయవలెను. చెమ్మవాసన ఉన్న గుడ్డ ఆరినట్లు లెక్క కాదు.

ఈ పని బాలింత చేత చేయింపరాదని నా గట్టి అభిప్రాయము. నడుము గట్టిపడని దినములలో వంగి బండపై గుడ్డలు బాదుట ఆమెకు తగదు. తండ్రి ఉతుకవచ్చును. దీనికి శాస్త్రములో నిషేధమెక్కడను నాకు కనబడలేదు.

ధూపమును గూర్చి ఒక మాట. యవలు, ఆవాలు, ఇంగువ, గుగ్గులు, వస మొదలగువానిని నేతితో కలిపి ధూపము వేయుమని చరకుడు చెప్పినది బట్టలకు, పక్కలకు. బిడ్డనే పొగపై పట్టుట మన ఇండ్లలో వాడుకైనది. లేత ఊపిరితిత్తులకు అది హాని చేయును. ధూపము వేయదలచినచో పెరటిలో బట్టలకు వేసి, గాలి తగులనిచ్చి పిదప వాడవలెను.

చర్మము కందినపుడు

తడి గుడ్డను సమయమునకు మార్చనిచో కలుగు వ్యాధిని సుశ్రుతుడు నిదానస్థానములో 'అహిపూతన' అని పేర్కొనెను. మలమూత్రములంటిన చోటును కడుగకపోవుటయే దానికి కారణమనియు, మొదట దురద, గోకిన పిదప పొక్కులు, స్రావము కలుగుననియు ఆయన నిరూపణము. అనగా కొనిన డైపరైనను, కట్టిన గుడ్డయైనను, విప్పి కడిగి మార్చనిచో రెండును ఒక్కటే. మూత్రమునకు వెంటనే, రాత్రి పాలిచ్చునపుడెల్ల గుడ్డ తడవి చూడవలెను. మలము పోయినచో గోరువెచ్చని నీటితో ముందునుండి వెనుకకు కడిగి, రుద్దక అద్ది, కొంతసేపు గాలికి వదలవలెను. ఎర్రబడినచో త్రిఫలా కషాయమును బాగుగా మరగించి, వడగట్టి, చల్లార్చి, దానితో కడిగి, పొడిగా తుడిచి కొబ్బరినూనె పలుచగా రాయవలెను. బోరిక్ పౌడరు పసిబిడ్డకు విషమే. ముఖమునకు వాడు పౌడరు కూడ వలదు. ఆ ధూళి బిడ్డ ఊపిరిలోనికి పోవును.

మూడు దినములలో తగ్గకపోయినను, తొడల మడతలలో గాఢమైన ఎరుపు, దాని చుట్టును చిన్న చిన్న ఎర్రని పొక్కులు కనబడినను అది బూజు జాతి క్రిమి చేరినదానికి గుర్తు. చీము, జ్వరము ఉన్నచో ఒక్క దినము కూడ ఆగరాదు. అట్టి స్థితిలో గృహవైద్యము మాని వైద్యునికి చూపవలెను.