అరువు పనిముట్ల నుంచి గ్రిడ్ దాకా

మెదక్ పట్టణంలో ఓ డిగ్రీ విద్యార్థి తొలి వెబ్‌సైటు చేయాలనుకుంటే వస్తువుకు కరువేమీ లేదు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన చర్చి, గుట్ట మీది ఖిల్లా, మంజీర ఒడ్డున ఏడుపాయల వనదుర్గమ్మ, పోచారం అభయారణ్యం: ఒక్కోదానికి ఓ ఫొటో, నాలుగు వాక్యాలు చాలు. వాటిని తెర మీద ఎక్కడెక్కడ అమర్చాలన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఒక వీడియో పాఠం ఫ్లోట్ వాడమంటుంది, ఇంకోటి బూట్‌స్ట్రాప్ అంటుంది, పాత పుస్తకమైతే టేబుల్ అంటుంది. గ్రిడ్ అనే అమరిక పద్ధతితో మొదలుపెట్టడమే మేలని నా వాదన. కొత్తదని కాదు. టేబుల్, ఫ్లోట్ వేరే పనుల కోసం పుట్టి ఇక్కడికి అరువొచ్చినవి; గ్రిడ్ పేజీ అమరిక కోసమే పుట్టింది.

సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్‌-లీ రూపొందించిన హెచ్‌టీఎంఎల్ పరిశోధకుల పత్రాల కోసం వచ్చింది. శీర్షిక, పేరా, లింకు ఉంటే దానికి సరిపోయేది; రెండు విషయాలను పక్కపక్కన పెట్టే ఆలోచనే అందులో లేదు. 1995లో నెట్‌స్కేప్ 1.1 బ్రౌజరు టేబుళ్లను చూపించడం మొదలెట్టగానే డిజైనర్లు గీతలు మాయం చేసి, అంకెలుండాల్సిన గళ్లలో మెనూలూ బొమ్మలూ కుక్కారు. ఖాళీ జాగా కావాలంటే కంటికి కనబడని ఒక్క పిక్సెల్ బొమ్మను సాగదీసేవారు. 1996లో వెబ్ డిజైనర్ డేవిడ్ సీగెల్ పుస్తకంతో ఈ చిట్కాకు మరింత ప్రచారం దక్కింది. హోకున్ వియుమ్ లీ 1994 అక్టోబరులో ప్రతిపాదించిన సీఎస్‌ఎస్, అంటే పేజీ రూపాన్ని చెప్పే భాష, 1996 డిసెంబరులో ప్రమాణమైంది. అందులో ఫ్లోట్ ఉద్దేశం చాలా చిన్నది: బొమ్మను ఓ పక్కకు జరిపి, అక్షరాలను దాని చుట్టూ పారించడం. జనం దాంతో పేజీ మొత్తాన్నీ నిలువు వరుసలుగా కోశారు. ఫ్లోట్ అయిన పెట్టెలను బయటి పెట్టె తన ఎత్తులో లెక్కేసుకోదు కాబట్టి, లోపల అంత సరుకున్నా అది చప్పున కూలిపోయేది. దానికి క్లియర్‌ఫిక్స్ అనే మాటు వేశారు. ఒక తరం ఈ మాట్లనే విద్య అనుకుని నేర్చుకుంది, పాపం.

సీఎస్‌ఎస్‌లోనే అమరిక కోసం వచ్చిన ఫ్లెక్స్‌బాక్స్ తొలి ముసాయిదా 2009 నాటిది. అది వస్తువులను ఒకే దిశలో, అడ్డంగానో నిలువుగానో, సర్దుతుంది. మెనూ వరుసకు భేషైనది. అడ్డాన్నీ నిలువునూ కలిపి చూసే గ్రిడ్‌ను మైక్రోసాఫ్ట్ 2011లో ప్రతిపాదించి, మరుసటేడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10లో పెట్టింది. ఆ పద్ధతిని బాగా సంస్కరించాక, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడూ దాన్ని అందించాయి. పోటీదారులు ఒకే నెలలో ఒకే మాట మీదకు రావడం బ్రౌజర్ల లోకంలో అరుదే. గడి వెడల్పు ఇంతకు తగ్గొద్దు, జాగా మిగిలితే సమానంగా పంచుకోండి అని ఒక్క వరుసలో చెబితే, మన నాలుగు మెదక్ విశేషాలు ఫోనులో ఒకదాని కింద ఒకటిగా, పెద్ద తెర మీద పక్కపక్కన వాటంతటవే సర్దుకుంటాయి.

తెలుగు పేజీకి మాత్రం ఒక మెలిక ఉంది, పాఠాలు దీన్ని సాధారణంగా పట్టించుకోవు. గడిలోని అతి పొడవైన పదం కంటే గడిని సన్నం చేయడానికి గ్రిడ్ మామూలుగా ఒప్పుకోదు. సంధులు, ప్రత్యయాలు కలిసి సాగిన తెలుగు పదం పెద్ద అక్షరాల శీర్షికలో పడితే, గడి ఫోను తెరను దాటి పక్కకు పొడుచుకొస్తుంది. గడి కనీస వెడల్పు సున్నా అని రాసి, అవసరమైతే పదాన్ని విరవొచ్చని అనుమతిస్తే సరిపోతుంది. గడి ఎత్తును మాత్రం బిగించకూడదు. కింది ఒత్తుల కోసం వరుసల మధ్య ఎడం పెంచినప్పుడు పెట్టె తనంతట తాను పెరగాలి.

బూట్‌స్ట్రాప్‌తో గంటలో పని అయిపోతుంది కదా అనొచ్చు. అవుతుంది. 2011లో ట్విట్టర్ నుంచి బయటికొచ్చిన ఆ సరంజామా అప్పట్లో ఫ్లోట్ కష్టాలను దాచిపెట్టి నిజంగా మేలు చేసింది. నాలుగు పేజీల సైటుకు ఇప్పుడు దాని పన్నెండు నిలువు వరుసల లెక్కా, క్లాసు పేర్లూ బట్టీపట్టడం అదనపు బరువే. పాత ఫోన్ల సంగతేమిటన్న ప్రశ్న అంతకంటే న్యాయమైనది. అయితే బ్రౌజరు తనకు అర్థంకాని సీఎస్‌ఎస్ వరుసను వదిలేసి ముందుకు పోతుంది. గ్రిడ్ తెలియని చోట పేజీ ఒకే నిలువు వరుసగా వస్తుంది, చదవడానికి అడ్డేమీ ఉండదు. అందుకే హెచ్‌టీఎంఎల్‌ను చదివే క్రమంలోనే రాసుకోవాలి. గ్రిడ్ గడులను అటూఇటూ మార్చి చూపినా, తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ రాసిన క్రమాన్నే పాటిస్తుంది. ఇక అదే సైటులో హైదరాబాదు బస్సుల వేళలు పెట్టాలంటే వాటికి టేబులే వాడాలి, అది పుట్టింది ఆ పనికే.