వెక్కిరింతకూ వెన్నెముక కావాలి

ఏడిపించటమే కష్టమనీ, నవ్వించటం సులభమనీ మనలో ఒక అపోహ పాతుకుపోయి ఉన్నది. పాఠశాల వార్షికోత్సవంలో విషాద నాటకం ప్రదర్శించదలిస్తే నెల ముందే అభ్యాసం ఆరంభిస్తాము. ప్రహసనానికి రెండు రోజులు చాలునని సరిపెట్టుకుంటాము. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమనున్న శిరివెళ్లలో గాని, మరే ఊరిలో గాని, పిల్లలు గూఢచారి వేషంతో నవ్వించబూనితే, నల్లకళ్లద్దాలూ పొడుగు కోటూ బొమ్మ తుపాకీ సమకూరటంతోనే పని ముగిసిందనుకోవటం కద్దు. ఈ భ్రమ పసివారికే పరిమితమైనది కాదు. కోటి డాలర్లకు పైబడి వెచ్చించిన పెద్దలు సైతం ఇందులో పడిన ఉదంతం 1967లో వెలువడిన ‘కాసినో రాయల్’ అనే ఆంగ్ల హాస్యచిత్రం.

ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో ప్రకటించిన ‘కాసినో రాయల్’ నవలతోనే జేమ్స్ బాండ్ అనే గూఢచారి పుట్టాడు. 1962లో అతడు వెండితెర కెక్కిన పిమ్మట ప్రపంచమంతటా గూఢచారి చిత్రాల వెల్లువ వచ్చింది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను అప్పటికే ఆదరించిన తెలుగువారు, 1966లో కృష్ణ, జయలలిత నటించిన ‘గూఢచారి 116’కు కూడా బ్రహ్మరథం పట్టారు. ఇంతగా పరిచితమైన వస్తువును పరిహసించటానికి అంతకన్న అనువైన సమయం ఉండబోదు. ఎందుకనగా, మూలం ఎరిగినవానికే వికటానుకరణ రుచిస్తుంది.

నవల హక్కులు నిర్మాత ఛార్లెస్ ఫెల్డ్‌మన్ చేతిలో ఉన్నాయి. కాని బాండ్ చిత్రాలను తీస్తున్న నిర్మాతలతో అతనికి పొత్తు కుదరలేదు. వారితో పోటీపడటం కన్న వారి నాయకుణ్ణి వెక్కిరించటం మేలని అతడు తలచాడు. ఆ తలపులో తప్పు లేదు. కథకు ఎంచుకున్న ఊహ సైతం చక్కనిదే. వార్ధక్యంలో ప్రశాంతంగా కాలం గడుపుతున్న అసలు బాండును అధికారులు మరల కొలువుకు పిలుస్తారు. శత్రువులను తికమక పెట్టటానికి, తన గూఢచారులందరూ ఇకపై జేమ్స్ బాండ్ అనే పేరుతోనే మెలగాలని అతడు ఆజ్ఞాపిస్తాడు. ఈ ఒక్క ఆజ్ఞలోనే చిత్రానికంతటికీ సరిపడు హాస్యం ఉన్నది.

కాని ఆ బీజం మొలకెత్తలేదు. దర్శకులుగా పేర్లు వేసుకున్నవారే ఐదుగురు: జాన్ హ్యూస్టన్, కెన్ హ్యూస్, వాల్ గెస్ట్, రాబర్ట్ పారిష్, జోసెఫ్ మెక్‌గ్రాత్. పేరు వేసుకోకుండా కలం కదిపిన రచయితలు మరికొందరు. ఒకరు తీసిన భాగానికి మరొకరు తీసినదానితో పొత్తు కుదరదు. ముఖ్యపాత్రధారి పీటర్ సెల్లర్స్‌కూ, ప్రతినాయకుడు ఆర్సన్ వెల్స్‌కూ సరిపడనందున, వారు ఎదురెదురుగా కూర్చుని ఆడే పేకాట ఘట్టంలో అధికభాగం విడివిడిగా చిత్రీకరించవలసి వచ్చింది. చిత్రీకరణ పూర్తి కాకమునుపే సెల్లర్స్ వెడలిపోగా, అతని పాత్ర కూడా నడుమనే అంతరించింది. తుదకు జూదశాల సర్వం పేలిపోయి, ఉన్నవారందరూ హతులవుతారు. చిక్కుముడి విప్పలేని రచయిత దారాన్ని తెంపినట్లే ఉన్నది ఆ ముగింపు.

న్యాయం పాటించి గుణాలను కూడా ఎన్నవలె. పెద్ద బాండుగా డేవిడ్ నివెన్ చూపిన హుందాతనమూ, బర్ట్ బాకరాక్ సంగీతమూ నేటికీ వన్నె తగ్గలేదు. చిత్రం డబ్బు సైతం రాబట్టింది. అయినా చూసి లేచిన ప్రేక్షకునికి మిగిలేది అలసట. అందరూ బాండులే అయినప్పుడు, ఎవనికి ఏమి జరుగునో అన్న ఆతురత మనకు దేనికి? ఆతురత లేనిచోట ఎన్ని పిల్లిమొగ్గలు వేసినా నవ్వు పుట్టదు.

ఇందుకు భిన్నంగా 1957 నాటి మన ‘మాయాబజార్’ను స్మరించండి. అందులోనూ మారువేషమే హాస్యానికి మూలం. కాని మారినవాడు ఒక్కడే. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, లక్ష్మణకుమారునికి తెలియదు. అసలు శశిరేఖ వివాహం ఏమవుతుందన్న చింత వెనుక నిలిచి ఉన్నందువల్లనే, సావిత్రి నడకలోని రాక్షసపు ఠీవి మనల్ని నవ్విస్తుంది. కె.వి. రెడ్డి ఆ చింతను ఒక్క క్షణమైనా జారవిడవలేదు. తోలుబొమ్మలాటలోనూ ఇదే మర్మం. జుట్టుపోలిగాడూ బంగారక్కా తెరపై ఎంత అల్లరి చేసినా, వెనుక రామాయణం కాచుకొని ఉంటుంది.

గూఢచారులనూ అపరాధ పరిశోధకులనూ పరిహసించిన తెలుగు చిత్రం మనకు లేకపోలేదు. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల 1986లో తీసిన ‘చంటబ్బాయి’లో చిరంజీవి పాత్ర తనను జేమ్స్ పాండ్ అని చెప్పుకుంటుంది. పేరే వెక్కిరింత. అయితే ఒక తండ్రికి దూరమైన కుమారుణ్ణి వెదకటమనే బరువైన కార్యం ఆ వెక్కిరింతకు వెన్నెముకగా నిలిచింది.

సాహిత్య విద్యార్థులకు ఈ నియమం కొత్తది కాదు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలు వ్రాసి పేరొందటానికి ముందు, ఆ కవుల నడకలను నరనరానా జీర్ణించుకున్నాడు. అనుకరింపదలచిన కవితను అంత శ్రద్ధగా చదివినవాడు అరుదు. ‘కాసినో రాయల్’ నిర్మాతలకు ఆ శ్రద్ధ కొరవడింది. వారు మూలాన్ని నవ్వుకు నెపంగా మాత్రమే వాడుకున్నారు. అదే నవలను 2006లో గంభీరమైన చిత్రంగా మలచినప్పుడు, కథలోని బిగువు ఎంతటిదో లోకానికి తెలియవచ్చింది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. రానున్న వార్షికోత్సవంలో మీ విద్యార్థులు ప్రహసనం వేస్తామంటే వారించకండి; వారిని రెండు ప్రశ్నలు మాత్రం అడగండి. ఎవరిని అనుకరిస్తున్నారో అతణ్ణి ఎంతకాలం గమనించారు? నవ్వులన్నీ తీసివేస్తే మిగిలే కథ ఏమిటి? సినిమా తునకలను అతికించి ఈలలు వేయించుకోవటం నేడు సులభం. అందుకు మురిసిపోయే పిల్లవానికి పరిశీలన అలవడదు. తన ఊరి సంతలో బేరమాడే రైతు నడకను పట్టుకొని, అతని కష్టాన్ని కూడా గ్రహించి నవ్వించగల పిల్లవాడు, మనుషులను చదవటం నేర్చుకున్నట్లే. ఆ చదువుకు కళ్లద్దాలూ కోటూ అవసరం లేదు.