రైతుకు రిటైర్మెంట్ ఎప్పుడు? మా తోపులో ఇద్దరు పెద్దోళ్ల కథ

ఈసారి వీడియోలో కషాయాలు లేవు, కొలతలు తక్కువ. ఇద్దరు పెద్దోళ్లు ఉన్నారు. ఒకరు మా నాయన, వయసు 67. ఇంకొకరు మా మేనమామ, 64. ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయినాడు. ఇద్దరూ పొద్దున ఆరుకల్లా మామిడి తోపులో ఉంటారు. చూసేదానికి చేసేది ఒకటే పని. కానీ మామకు నెల నెలా పింఛను పడుతుంది. అందుకే ఆయనకు ఇది ఇష్టం కొద్దీ చేసే పని. నాయనకు ఇదే బతుకు. ఈ తేడా గురించి మన రైతు ఇళ్లలో కూర్చుని మాట్లాడుకునేది తక్కువ.

మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగికి 62 ఏళ్లకు రిటైర్మెంట్. ఆ రోజు దండలేస్తారు, శాలువా కప్పుతారు, సాయంత్రం ఇంటి దాకా దిగబెట్టి పోతారు. రైతుకు అట్లాంటి రోజు ఒకటి రాదు. మోకాళ్లు నొప్పెట్టినప్పుడు కొంచెం, కళ్లు మసకబారినప్పుడు ఇంకొంచెం, అట్లా పని జారిపోతా ఉంటుంది. పెత్తనం మాత్రం జారదు. పాసుబుక్కు ఆయన పేరు మీదే ఉంటుంది, బ్యాంకు ఆయనదే, మండీ లెక్క ఆయనదే. కొడుకుకు ముప్పై అయిదేళ్లు వచ్చినా చేన్లో ఏమి వెయ్యాలో అడగాల్సిందే.

మా ఇంట్లో ఈ మాట 2025 తోతాపురి సీజన్లో గట్టిగా వచ్చింది. ఆ ఏడు మన చిత్తూరు, తిరుపతి వైపు ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్నారు. ఫ్యాక్టరీల గేట్ల ముందర ట్రాక్టర్లు వరస కట్టినాయి. అప్పుడు నేను ఇంట్లో చెప్పినా: కింద రెండెకరాల్లో మాన్లు తీసేసి అయిదంచెల పంట పెడదాం, ఒక్క కాయనే నమ్ముకుని ఎన్నాళ్లని.

నాయన వెంటనే ఏమీ అనలేదు. రాత్రి సంగటి తినేటప్పుడు అన్నాడు: "మాన్లు కొట్టేస్తే నేను పొద్దున లేచి యాడికి పోవాల?"

లెక్క ప్రకారం నేను చెప్పింది సరైనదే. కానీ ఆ ప్రశ్నకు నా లెక్కలో జవాబు లేదు. మామే మధ్యలో మాట కలిపినాడు. "బావా, నేను రిటైరయిన కొత్తలో ఆర్నెల్లు పొద్దున తొమ్మిదికి చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడేవాణ్ణి. పోయేదానికి చోటు లేదు. డబ్బు ఉండె, పని లేకపోయె. నీకు పని ఉంది, డబ్బు లేదు. పిల్లోడు చెప్పేది డబ్బు గురించి, నువ్వు చెప్పేది పని గురించి."

ఆ మాటతో దారి దొరికింది. మాన్లు కొట్టలేదు. మాన్ల సందుల్లో వానలకు ముందే నవధాన్యాలు చల్లినాం. అలసంద, అనప, పెసర, నువ్వు, సజ్జ, జనుము కలిపి. కింద ఒక ఎకరా పూర్తిగా నా చేతికి వచ్చింది. అక్కడ ఏమి వెయ్యాలి, ఎవరికి అమ్మాలి అనేది నాదే. పై తోపు నాయనది. అక్కడ ఆయన మాటే మాట.

పని కూడా పంచుకున్నాం. 200 లీటర్ల డ్రమ్ము నింపేది, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం మోసుకొచ్చేది నేను. 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి వేసి పొద్దున, సాయంత్రం కట్టెతో కలిపేది నాయన. పాదులకు పోసేది మళ్లీ నేను. విత్తనం ఏరేది, బీజామృతం పట్టించి నీడలో ఆరబెట్టేది ఆయనే, ఎందుకంటే ఆ చేతికి ఉన్న గుర్తు నా డిప్లొమాకు లేదు. తిరుపతిలో మన దగ్గర కొనేవాళ్లతో ఫోన్లు, లెక్కల పుస్తకం మామ చూస్తాడు. ఆయన రాత ముత్యాల మాదిరి ఉంటుంది.

ఒక మాట మర్చిపోకూడదు. మగోళ్ల పని తగ్గుతుంది. అమ్మకు తగ్గేది ఏముంది? ఆవు, పేడ, పాలు, వంట, ఇప్పుడు మనవళ్లు. ప్రకృతి సేద్యంలో పేడ ఎత్తే చెయ్యి ఎక్కువగా ఆడమనిషిదే. పని పంచుకునే రోజు ఆమెను కూడా కూర్చోబెట్టి రాయండి. మా ఇంట్లో సాయంత్రం ఆవు పని నా మీద పడింది. పడాల్సిందే.

ఉద్యోగం అయిపోయినాక సేద్యం వైపు వచ్చేవాళ్లు ఎక్కువైనారు. వాళ్లలో అందరికీ తెలిసిన పేరు టి. విజయ్ కుమార్ గారు. ఐఏఎస్ నుంచి రిటైరయినాక కూడా రైతు సాధికార సంస్థ తరఫున మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయాన్ని నడిపించినారు. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతిలో భాగం వచ్చింది. జపాన్లో ఫుకువోకా 1913లో పుట్టి 2008లో పోయినాడు. ఉద్యోగం వదిలినాడు గానీ, పొలంతో సంబంధం ముసలితనంలోనూ వదల్లేదు.

మీరు రిటైరై వస్తావుంటే మూడు మాటలు. వచ్చిన డబ్బంతా బోరులో పొయ్యొద్దు. వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని బోర్లు మన వైపు కొత్త కాదు. రెండోది, మొదట 20 సెంట్లు చాలు. కూరగాయలు, ఆకుకూరలు విడతలు విడతలుగా వేసే ఏటీఎం పద్ధతి అంత చోటులోనే నడుస్తుంది. మూడోది, రోజూ ఇంట్లో మనిషి ఉంటేనే ఆవును తెచ్చుకోండి. దానికి ఆదివారం తెలియదు.

మీరు నా మాదిరి నలభై లోపు రైతు అయితే ఇంకో మాట. పీఎం కిసాన్ మాన్‌ధన్ యోజన 2019 నుంచి ఉంది. రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్న 18 నుంచి 40 ఏళ్ల రైతులు చేరొచ్చు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు మనం కడితే, అంతే కేంద్రం కడుతుంది. 60 నిండినాక నెలకు 3,000 రూపాయలు. పీఎఫ్, ఎన్‌పీఎస్ ఉన్నవాళ్లకు ఇది కుదరదు. మూడు వేలు ఆ రోజుకు ఎంత విలువ చేస్తుందనేది వేరే సంగతి. కానీ మందుబిళ్లలకు కొడుకు ముందర చెయ్యి చాపకుండా ఉండేదానికి అది ఒక ఆసరా. మా నాయన వయసు వాళ్లకు ఇందులో చోటు లేదు. అర్హత ఉంటే రాష్ట్రం ఇచ్చే 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను గురించి సచివాలయంలో అడగండి.

ఈ వారం మీ ఇంట్లో పెద్దోళ్లను మూడు అడగండి. ఏ పని చేస్తా ఉంటే మీకు బాగుంటుంది? ఏ పని ఇంక వద్దనిపిస్తా ఉంది? ఏ చెక్క నాకు వదిలేస్తారు? మూడోది మొదట అడగొద్దు. మొదటి రెండింటికీ జవాబు పూర్తిగా విన్నాకనే దాని సంగతి ఎత్తండి.