ఆవ పెట్టిన పులిహోర

పులిహోర చింతపండు పులుసు కలిపి చేసే అన్నపు వంటకం. పండుగ, వ్రతం, పెళ్లి, దూరప్రయాణం, వీటిలో ఏది వచ్చినా తెలుగువారి ఇండ్లలో దీనికి చోటుంటుంది. ఇందులో పచ్చి ఆవపిండి కలిపి చేసే రకాన్ని ఆవ పెట్టిన పులిహోర అంటారు. గోదావరి జిల్లాలలోను, ఉత్తరాంధ్రలోను ఈ పద్ధతి ఎక్కువ.

పేరు

పులి అనగా పులుపు, ఓగిరం అనగా అన్నం. ఈ రెండూ కలిసి పులిహోర అయినది. అడవిలోని పులితో దీనికి సంబంధం లేదు. ఇదే వంటకం కన్నడంలో పుళియోగరె, తమిళంలో పుళియోదరై.

తయారుచేయు విధానం

అన్నాన్ని పలుకుగా వండి, వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, పసుపు, ఉప్పు, నువ్వుల నూనె కలుపుతారు. వేడి అన్నం అడుగున కరివేపాకు రెబ్బలు ఉంచితే ఆ వాసన అన్నానికి పడుతుంది. చింతపండు గుజ్జును చీల్చిన పచ్చిమిరపకాయలతో నూనె తేలేవరకు ఉడికిస్తారు. శనగపప్పు, మినపపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువలతో పోపు పెడతారు. వేరుశనగ గుళ్ళు వేయడం ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఉత్తరాంధ్ర వంటలో పులుసులకు బెల్లం తగిలించే అలవాటు ఉన్నందున, ఇందులోనూ చిన్న ముక్క వేసేవారున్నారు. బెల్లం మార్కెట్టుకు పేరుపొందిన అనకాపల్లి పరవాడకు దగ్గరే.

అసలు కీలకం ఆవలో ఉన్నది. పోపులో చిటపటలాడిన ఆవగింజకు కమ్మదనమే గాని ఘాటు ఉండదు. గింజను నీటితో నూరినప్పుడు మాత్రమే అందులోని ఎంజైము పనిచేసి ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చెడిపోతుంది. అందుచేత నూరిన ఆవముద్దను అన్నం పూర్తిగా చల్లారిన తరువాతనే కలపాలి. తొందరపడి వేడి అన్నంలో కలిపితే ఆవ వేసిన ఫలితం దక్కదు. అరటికాయ, పనసపొట్టు కూరలలో ఆవను చివరలో, పొయ్యి దించాక కలపడానికి కారణం కూడా ఇదే. సీసాలలో అమ్మే పులిహోర ముద్దలు సౌకర్యమే గాని, నిలవలో తగ్గిపోయే ఈ ఘాటును అవి ఇవ్వలేవు.

దినుసుల పుట్టుక

పులిహోరను అచ్చ తెలుగు వంటగా భావిస్తాము. కాని చింతచెట్టు స్వస్థలం ఉష్ణమండల ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. అది భారతదేశానికి ఎంత పూర్వం వచ్చిందంటే, అరబ్బులు దీనిని తమర్ హిందీ, అనగా హిందూదేశపు ఖర్జూరం, అన్నారు. ఇంగ్లీషువారి టామరిండ్ ఆ మాటే. మిరపకాయ, వేరుశనగ అమెరికా ఖండాలవి. మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. అంతకు పూర్వం వంటలో కారానికి మిరియం, ఆవ ఆధారం. కాబట్టి ఆవ పెట్టిన పులిహోరలో మిరపకు ముందరి కారం ఇంకా మిగిలి ఉన్నదనవచ్చు.

అమెరికాలోని లూసియానాలో క్రియోల్ ప్రజల జాంబలాయా కూడా ఇటువంటి కలయికే. ఆఫ్రికా, ఫ్రెంచి, స్పెయిన్ వంటల పద్ధతులు అందులో కలిశాయి. అయితే అందులో బియ్యం మాంసంతోను, రొయ్యలతోను, టమాటాతోను ఒకే పాత్రలో ఉడుకుతుంది. పులిహోరలో అన్నం, పులుసు వేరువేరుగా సిద్ధమై చివరకు చేతితో కలుస్తాయి.

ప్రసాదంగా

తిరుమలలోను, సింహాచలంలోను పులిహోర ప్రసాదం ప్రసిద్ధం. పరవాడలోని సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం పేరు కూడా సింహాచలం కొండదే. పరవాడ మండలం 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది.

ఇతర రకాలు

చింతపండుకు బదులు నిమ్మకాయ, దబ్బకాయ, మామిడికాయలతోనూ చేస్తారు. వీటిలో ఆవకు బాగా పొత్తు కుదిరేది మామిడికాయ.