మనది ఫస్టయితే లాస్ట్ ఎవరిది?

ఉగాది వేడుకైనా, సంక్రాంతి సంబరమైనా, అమెరికాలోని మన తెలుగు సభల్లో ఓ మాట తప్పకుండా వినిపిస్తుంది. జ్యోతి వెలిగిస్తారు, పిల్లలు కూచిపూడి ఆడతారు, ఆ తర్వాత మైకు అందుకున్న పెద్దల్లో ఎవరో ఒకరు ‘ప్రపంచంలోకెల్లా గొప్ప సంస్కృతి మనది’ అంటారు. హాలంతా చప్పట్లు. సొంతూరికి ఇంత దూరంలో బతుకుతున్నవాళ్లకు ఆ మాట ఎంత ధైర్యమిస్తుందో ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడున్న నాకు తెలుసు. కానీ ఆ సభలో కూర్చున్న పిల్లలు దాన్ని మనం విన్నట్టు వినడం లేదు.

వారాంతాల్లో నేను తెలుగు చెప్పే తరగతిలో హైస్కూలు చదివే అమ్మాయి ఒకరోజు అడిగింది: ‘మనది ఫస్టయితే లాస్ట్ ఎవరిది మాస్టారూ?’ ఆ పిల్ల వెటకారంగా అడగలేదు. బళ్లో ఆమె పక్కన కూర్చుని భోజనం చేసే స్నేహితుల్లో ఒకరిది మెక్సికో కుటుంబం, ఒకరిది యూదు కుటుంబం, ఇంకొకరు నల్లజాతి అమ్మాయి. మొదటి స్థానం అంటూ ఒకటుంటే చివరి స్థానం కూడా ఉండాలి కదా, అందులో వీళ్లలో ఎవరిని కూర్చోబెట్టాలన్నది ఆమె సందేహం. ఈ ప్రశ్న అమెరికాలో మనవాళ్లకు కొత్త కాదు. వందేళ్ల క్రితం ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

గొప్పతనాన్ని నమ్ముకున్న కేసు

భగత్ సింగ్ థింద్ పంజాబ్ నుంచి 1913లో అమెరికా వచ్చారు. ఆరెగన్ రాష్ట్రంలోని కలప మిల్లుల్లో పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో, 1918లో అమెరికా సైన్యంలో చేరారు. పౌరసత్వం కోరారు. వలస వచ్చినవాళ్లలో తెల్లజాతివారికి, ఆఫ్రికా సంతతివారికి తప్ప మరెవరికీ పౌరసత్వం ఇవ్వకూడదన్నది అప్పటి చట్టం.

ఆ చట్టమే అన్యాయమని థింద్ తరఫువారు వాదించలేదు. ఆయన ఆర్య సంతతి, అగ్రకులస్థుడు, కాబట్టి తెల్లవాడి కిందే లెక్క అన్నారు. అమెరికాలో తెల్లవారు పెళ్లి సంబంధాల విషయంలో నల్లవారిని ఎలా దూరం పెడతారో, అగ్రకుల హిందువు తన దేశపు ఆదివాసులను అలాగే దూరం పెడతాడని కోర్టుకిచ్చిన పత్రాల్లో రాశారు. నిజానికి థింద్ సిక్కు. ఆ రోజుల్లో ఇక్కడ భారతీయులందరినీ హిందువులనే పిలిచేవారు. ‘మేమూ మీలాగే పైమెట్టు మీదివాళ్లం, మాకూ కిందివాళ్లున్నారు’ అన్నది ఆ వాదన సారాంశం.

1923 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. న్యాయమూర్తులంతా ఒకే మాట మీద ఉన్నారు. శాస్త్రవేత్తల వర్గీకరణ ఎలా ఉన్నా, సామాన్య అమెరికన్ దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాడని జస్టిస్ జార్జ్ సదర్లాండ్ రాశారు. మెట్ల లెక్క ఒప్పుకున్నాక ఏ మెట్టు ఎవరిదో తేల్చే అధికారం మాత్రం ఎదుటివాడి చేతిలోనే ఉండిపోయింది.

ఈ తీర్పుతో నష్టపోయింది థింద్ ఒక్కరే కాదు. అప్పటికే పౌరసత్వం పొందిన పదుల మంది భారతీయుల పత్రాలు రద్దు చేసే పని మొదలైంది. శాన్ ఫ్రాన్సిస్కోలో దుకాణం నడుపుకునే వైష్ణోదాస్ బగాయ్ పౌరసత్వం పోగొట్టుకున్నారు, దుకాణం అమ్ముకోవాల్సి వచ్చింది. 1928లో ఆయన ప్రాణం తీసుకున్నారు. థింద్‌కు మాత్రం 1936లో, మాజీ సైనికుడిగా, చివరికి పౌరసత్వం దక్కింది.

అదే కాలంలో మనవాడొకరు

దాదాపు ఆ రోజుల్లోనే బోస్టన్‌లో అడుగుపెట్టారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన చదువుకు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది. రంగూన్ వెళ్లి కష్టపడి సంపాదించిన ఆస్తిని కులంతో పని లేకుండా చదువులకు ఇచ్చిన దాత సత్యలింగ నాయకర్. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చారు. కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. ఫలితాలు 1948లో వెలువడ్డాయి. దాని దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ డాక్టర్లు ఇవాళ్టికీ రాస్తూనే ఉన్నారు.

ఫార్బర్ యూదు కుటుంబంలో పుట్టినవారు. ఆ పిల్లలకు మందిచ్చేటప్పుడు కనిపెట్టినవాడిది ఏ మతం, ఎక్కించినవాడిది ఏ మతం అని ఏ తల్లీ అడిగి ఉండదు. అంత పని చేసిన సుబ్బారావు కూడా ఇక్కడ గడిపిన కాలంలో ఎక్కువ భాగం చట్టం దృష్టిలో పౌరసత్వానికి అర్హుడు కాడు. భారతీయులకు ఆ తలుపు తెరిచిన లూస్–సెల్లర్ చట్టం 1946లో వచ్చింది. వలసకు ఏడాదికి వంద మంది కోటా ఇచ్చింది. 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

మన వీసాల వెనుక ఎవరున్నారు?

ఇవాళ మనం లక్షల్లో ఇక్కడున్నామంటే కారణం 1965 అక్టోబరు 3న సంతకమైన వలస చట్టం. పుట్టిన దేశాన్ని బట్టి మనుషులను ఎక్కువ తక్కువలుగా చూసే పాత కోటాలను అది తీసేసింది. అది మన గొప్పతనం చూసి ఇచ్చిన బహుమతి కాదు. జాతుల మధ్య మెట్లు ఉండకూడదని నల్లజాతివారు దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి చేసిన పోరాటం ఆ వాతావరణాన్ని తెచ్చింది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం, ఆ వెంటనే ఇది.

మార్టిన్ లూథర్ కింగ్ 1959లో భారతదేశం వచ్చినప్పుడు తిరువనంతపురంలోని ఓ బడికి వెళ్లారు. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది అంటరానివారిగా చూసిన కులాలవాళ్లు. ప్రధానోపాధ్యాయుడు ఆయన్ను అమెరికా నుంచి వచ్చిన మీలాంటి అంటరానివాడని పరిచయం చేశారు. ముందు నొచ్చుకున్నాననీ, ఆలోచించాక అది నిజమేననిపించిందనీ కింగ్ 1965 జులై 4న తన చర్చిలో చెప్పారు. థింద్ పత్రాలు పైమెట్టువారితో చుట్టరికం కలుపుకున్నాయి. కింగ్ కిందిమెట్టువారితో కలుపుకున్నారు. మనకు తలుపు తెరిచింది రెండోదే.

థింద్ తీర్పుకు సరిగ్గా వందేళ్ల రెండు రోజుల తర్వాత, 2023 ఫిబ్రవరి 21న, సియాటిల్ నగర మండలి కులవివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు చట్టసభ దాటినా, ఇప్పటికే ఉన్న చట్టాలు చాలునంటూ గవర్నర్ అదే ఏడాది అక్టోబరులో వెనక్కి పంపారు. మన సముదాయాన్నే వేలెత్తి చూపుతున్నారని కొందరు బాధపడ్డారు, ఇన్నాళ్లకు మా గోడు విన్నారని కొందరు ఊరట చెందారు. ఎవరు ఏ పక్షమైనా, పరిచయమైన ఐదు నిమిషాలకే ‘మీ ఇంటిపేరేంటి?’ అని ఎందుకు అడుగుతామో మనకు తెలుసు. మెట్ల లెక్క ప్రపంచ సంస్కృతుల దగ్గర మొదలై అక్కడే ఆగదు, మన వంటింటి గుమ్మం దాకా దిగి వస్తుంది.

అలాగని అన్నీ ఒకటేనా?

ఇక్కడ ఓ మిత్రుడు అడ్డుపడతాడు: ‘మంచీ చెడూ తేడా లేదంటావా?’ ఉంది. ఆచారాన్ని తూచవచ్చు, తూచాలి కూడా. 1865 దాకా మనుషులను సంతలో అమ్మిన దేశమిది. పసితనంలో భర్త పోయిన పిల్లకు జీవితాంతం శిక్ష వేసిన సమాజం మనది. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆయన తెలుగుదనాన్ని వదులుకోలేదు, తెలుగువాళ్ల తప్పునూ దాచలేదు. ఒక్కో ఆచారం ఎవరికి మేలు చేస్తోంది, ఎవరిని ఏడిపిస్తోంది అని అడిగితే జవాబు దొరుకుతుంది. మొత్తం సంస్కృతికి ర్యాంకు ఎంత అని అడిగితే దొరకదు, ఎందుకంటే ప్రతివాడూ తన ఇంటి తక్కెడే తెస్తాడు.

మన గొప్పతనానికి సాక్షిగా తరచూ పిలిచే వివేకానందుడు కూడా ఈ విషయంలో మనకు వంత పాడడు. షికాగో వెళ్లే ముందు, 1893 ఫిబ్రవరిలో, సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ఆయన ప్రసంగించారు. షికాగో తొలిరోజు ఉపన్యాసం అందరికీ తెలుసు. నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబరు 15న, అదే వేదికపై ఆయన చెప్పింది నూతిలో కప్ప కథ. హిందువు తన నూతిలో, క్రైస్తవుడు తన నూతిలో, ముస్లిం తన నూతిలో కూర్చుని అదే లోకమనుకుంటున్నారన్నారు. ఆ జాబితా తనతోనే మొదలుపెట్టారు.

ఇక అచ్చంగా మనదే అనుకునే వాటి సంగతి. ఆవకాయలో పడే మిరప పుట్టిల్లు ఈ అమెరికా ఖండం. పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికి వచ్చి గుంటూరు పేరు నిలబెట్టింది. 1978 నుంచి క్లీవ్‌లాండ్‌లో జరుగుతున్న త్యాగరాజ ఆరాధననే చూడండి. మరాఠా రాజులేలిన తంజావూరు సీమలో పుట్టిన తెలుగు కీర్తనలను తమిళ కుటుంబాల పిల్లలు ఒహాయోలో కంఠతా పాడుతుంటే, పక్కన ఐరోపా నుంచి వచ్చిన వయొలిన్ మోగుతుంటుంది. ఇందులో ఏ ముక్క తీసేసినా కచేరీ కుంటుపడుతుంది.

గొప్ప అని చెప్పకపోతే పిల్లలు మనది వదిలేస్తారన్నది చాలామంది తల్లిదండ్రుల భయం. నా తరగతిలో చూసింది వేరు. ర్యాంకు చెప్పి నేర్పిన పిల్లలు కాలేజీకెళ్లి, అక్కడ ఇంకొకరు తమదే గొప్పంటే, రెండూ కలిపి తోసేస్తున్నారు. కథ తెలిసినవాళ్లు, పాట వచ్చినవాళ్లు, అమ్మమ్మతో ఫోన్లో నాలుగు మాటలు తెలుగులో ఆడగలిగినవాళ్లు దాన్ని వెంట ఉంచుకుంటున్నారు. అమ్మ మీద ప్రేమ కలగడానికి పక్కింటి అమ్మతో పోలిక అక్కర్లేదు కదా.

అందుకే సభలు నిర్వహించే మిత్రులకు నాదో విన్నపం. వచ్చే ఉగాదికి మైకు ముందు ఆ పాత వాక్యం బదులు సుబ్బారావు కథ చెప్పండి, థింద్ కేసు చెప్పండి. మీ పిల్లల బడి స్నేహితులను వాళ్ల అమ్మానాన్నలతో సహా భోజనానికి పిలవండి. పులిహోర వడ్డిస్తూ అందులోని మిరపకాయ ఎక్కడిదో వాళ్లకు మీ పిల్లల చేతే చెప్పించండి.